పదమూడు నంబర్ పానా

మా వాడల అందరి ఇండ్లకూ బోల్టులు బిగించింది నేనే.
బల్లార్‌పూర్ కాగితం మిల్లుల ఫిట్టరును.
డ్యూటీ దిగినంక సంచిల పానా ఏసుకొని
ఒక కప్పు చాయ్ తాగి
ఒక కప్పు నిలబెట్టిన, ఇంటింటికి.
ఇరవై ఆరు ఇండ్లు. యాంగిళ్లు, రేకులు,
అడుగున పునాది అనేదే లేదు.
తవ్వద్దన్నడు బొమ్మవార్ సేటు.
"జాగ నాది, రేకు మీది" అన్నడు,
నవ్వుకుంటనే అన్నడు.

ఆయన తాతల ఇంటిపేరు ఉత్త బొమ్మనే,
వార్ధా నది దాటినంక తోక మొలిచింది.
మరాఠీల లెక్క రాసుకొని
తెలుగుల తిట్టేటోడు.
నెల మొదటి ఆదివారం వెదురు డిపో గేటు కాడ కుర్చీ,
మోకాలి మీద ఎర్రబట్ట అట్ట వహీ.
నేల కిరాయి ముప్పై, తర్వాత యాభై.
లచ్చవ్వ మొగడు పోయిన ఏడు
ఆమె పేరు ముందర మూడు నెలలు సున్న పెట్టిండు.
ఆయన మళ్ల అడగలేదు. ఆమె మరువలేదు.

ఇప్పుడు సేటు లేడు. కొడుకులు పూనాల ఉంటరు.
జాగ నాగ్‌పూర్ కంపెనీకి పోయింది.
కంపెనీకి మొఖం లేదు;
ఒక పోరడు వస్తడు, ఫోనుల గీత గీసి
నీ గడప ఎన్ని ఫీట్లో నీకే చెప్తడు.
నెలకు పద్దెనిమిది వందలట.
నాకొచ్చే పింఛను పదమూడు వందల నలభై.
ఈ లెక్కకు బడి చదువు అక్కర్లేదు.

నోటీసుల చివరి మాట
పోశం మనుమరాలు చదివి చెప్పింది:
ఒప్పుకోనివారు ముప్పై రోజుల్లో
తమ కట్టడాన్ని విప్పుకొని తీసుకుపోవచ్చు.
మర్యాదగనే రాసిండ్రు.
మా ఇండ్లు కదులుతయని
మాకన్న ముందుగాల వాళ్లకు తెలిసింది.

మూడోనాడు పొద్దుగూకే యాళ్లకు లచ్చవ్వ పిలిచింది.
"ఓదెలన్నా, నువ్వు బిగించినవి, నువ్వే విప్పు.
రాజురల అక్క బిడ్డకు పెరడున్నది,
రేకులన్న ఆనిచ్చుకుంట."
డెబ్బై నాలుగేండ్ల చేతిల
పానా బరువెక్కింది; పానా అదే.
గ్యాసునూనె పోసిన. సుత్తెతోని కొట్టిన.
బోల్టు ముసలి కుక్క లెక్క
గుర్రుమన్నది గని జాగ ఇడువలేదు.
చీకటి పడ్డంక ఒక్కటి ఊడింది,
తలుపు పక్కన, నడుమెత్తుది.

వాషరు కింద
రూపాయి బిళ్లంత మేర
నీలం.
మేం ఏసిన మొదటి రంగు. ఎండ చూడని రంగు.
చుట్టూ రేకు ఎప్పుడు ఎర్రబారిందో
యాదికి లేదు గని
ఆ బిళ్లంతల మాత్రం
లచ్చవ్వ ఇరవై ఎనిమిదేండ్ల మనిషి,
మొగడు డబ్బా పట్టుకొని నిలబడ్డడు,
బ్రష్షు తడి ఆరలేదు.

వేలు పెట్టి చూసింది.
శానాసేపు చూసింది. ఏమన్లేదు.
తర్వాత బోల్టు నా చేతిలకెల్లి గుంజుకొని
బెజ్జంల పెట్టి తిప్పుడు మొదలువెట్టింది,
ఉల్టా.
"అట్ల గాదు" అన్న. "ఇటు."

తెల్లారి పోస్టాఫీసుల ఇరవై ఆరు మందిమి లైను.
తలా యాభై, కంపెనీ పేరున మనియార్డరు.
"ఇంత చిన్న పైకమా?" అన్నడు కౌంటరు పిలగాడు.
"పాత కిరాయి" అన్నది లచ్చవ్వ.
"నెలనెలా కట్టినం, ఈ నెలా కడుతున్నం. రసీదియ్యి."
వాపసొస్తదని మాకెరుకే.
వాపసొచ్చింది.
మళ్ల పంపినం.

గడువు ఇంక పదకొండు రోజులుంది.
నేను పొద్దున్నే లేసి వాడ తిరుగుతున్న,
గ్యాసునూనె సీసా, పానా,
ఒక్కొక్క బోల్టూ బిగిస్తున్న.
లచ్చవ్వ ఇంటిది ఒక్కటే ఇంకా లొడలొడ.
బిగిస్తనంటే ఒప్పుకోదు;
ఆ నీలం జరంత అగుపడేటట్టు
వదులుగనే ఉండనీ అంటది.